రెండో రాయి

పెళ్ళి సంబంధాల మాటల్లోనో, బస్సులో పక్క సీటు పరిచయాల్లోనో మన తెలుగువాళ్ళ నోట తరచూ వినబడే మాట ఒకటుంది. "మా అబ్బాయి జావా." "కోడలు డాట్‌నెట్." "పెద్దవాడు మెయిన్‌ఫ్రేమ్, చిన్నవాడు పైథాన్." చేసే పనేమిటో చెప్పరు. బ్యాంకు లెక్కలు చూసే మనిషో, ఆసుపత్రి రికార్డులు నడిపే మనిషో ఆ మాటల్లో తెలియదు. పనిముట్టు పేరే మనిషికి అంటుకుపోతుంది. వడ్రంగిని చూపించి "ఈయన బాడిస" అని ఎవరూ అనరు కదా, మరి ప్రోగ్రామర్‌కి మాత్రమే ఎందుకిలా జరిగింది? అంతకన్నా ఎక్కువగా వేధించే ప్రశ్న ఇంకొకటి: ఆ పనిముట్టుకి రోజులు చెల్లిపోతే ఈ మనిషిని ఏమని పిలుస్తారు? తనను తాను ఏమనుకుంటాడు?

ఇది ఊరికే పుట్టిన సందేహం కాదు. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలూ కరెంటు స్తంభాలూ ఏళ్ళ తరబడి ఈ కథే చెబుతున్నాయి. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయంతో అమెరికా కంపెనీలు పాత కోబాల్ ప్రోగ్రాములను సరిచేయించుకుంటున్న రోజుల్లో అక్కడ మెయిన్‌ఫ్రేమ్ కోర్సులకు గిరాకీ. ఆ తర్వాత ఒరాకిల్, విజువల్ బేసిక్, జావా, డాట్‌నెట్, శాప్, టెస్టింగ్ టూల్స్, హడూప్, డేటా సైన్స్. ఒక బ్యానర్ మీద ఇంకో బ్యానర్ పడుతూనే ఉంది. కింద పడిపోయిన బ్యానర్‌ని నమ్ముకుని ఫీజు కట్టిన మనిషి ఏమయ్యాడన్నది మాత్రం ఏ గోడ మీదా కనబడదు. ఎన్నో చిన్న ఆఫీసుల జీతాల పట్టీలనూ దుకాణాల లెక్కలనూ మోసిన ఫాక్స్‌ప్రోకి ఇక కొత్త వెర్షన్ ఉండదని 2007లో మైక్రోసాఫ్ట్ తేల్చేసింది. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6 తర్వాత తెచ్చిన డాట్‌నెట్ రూపం పాత ప్రోగ్రాములను ఉన్నవి ఉన్నట్టుగా నడపలేకపోయింది. పాతదాన్ని బతికించమని 2005లో వేలమంది ప్రోగ్రామర్లు విన్నపం మీద సంతకాలు చేశారు. ఫలితం లేదు. ఫ్లాష్ అయితే 2020 డిసెంబరు 31తో అధికారికంగానే ముగిసిపోయింది.

పనిముట్టు పోతే మనిషేమవుతాడన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వైపు చూడటం వింతగా అనిపించవచ్చు. అడవులతోనూ ఇనుప ఖనిజంతోనూ వార్తల్లోకెక్కే ఆ ప్రాంతానికీ కోడ్ రాసేవాళ్ళ దిగులుకీ ఏమిటి సంబంధం? కానీ పనికొకటి చొప్పున నాలుగైదు భాషల్లో బతకడం ఎలాగో బస్తర్ సంతలకన్నా బాగా తెలిసిన చోటు మన పక్కన ఇంకొకటి లేదు. ఇంట్లో గోండీయో, ధుర్వాయో, భత్రీయో. సంతలో హల్బీ. కచేరీలోనూ బడిలోనూ హిందీ. జగదల్‌పూర్ నుంచి సుక్మా మీదుగా భద్రాచలం వైపు దిగే 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని కుంట దాకా వస్తే, అటు ఇంద్రావతి గోదావరిలో కలిసే వైపు భోపాలపట్నానికి వెళ్తే, దోర్లా తెగవాళ్ళ మాటల్లో తెలుగు ధారాళంగా వినబడుతుంది. చింతపండు బుట్టతో కూర్చున్న మనిషి పక్కామెతో ఒక భాషలో, వ్యాపారితో ఇంకో భాషలో, కాయితం పట్టుకొచ్చిన ఉద్యోగితో మూడో భాషలో మాట్లాడటం అక్కడ విశేషం కాదు. ఆమెను "ఈమె హల్బీ" అని సంత భాషతో కొలిచేవారు లేరు. ఆమె ఎవరన్నది ఆమె ఊరు చెబుతుంది, గోత్రం చెబుతుంది, చేసే పని చెబుతుంది. భాషలు ఆమె దగ్గర ఉన్నాయి, ఆమె భాషల్లో ఇరుక్కుని లేదు.

అసలు ఈ పోలికే తప్పంటారు కొందరు. గోండీ తల్లి ఒడిలో వచ్చిన భాష, కోబాల్‌ని ఎవరూ అలా నేర్చుకోలేదు. మనుషుల భాష పోతే పాటలు పోతాయి, చెట్ల పేర్లు పోతాయి, చనిపోయిన పెద్దలను పిలిచే తీరు పోతుంది. ఫాక్స్‌ప్రో పోతే పోయేది కొన్ని ఫైళ్ళూ కొన్ని ఉద్యోగాలూ. ఇందులో న్యాయం ఉంది, దాన్ని పూర్తిగా ఒప్పుకున్నాకే ముందుకు పోవాలి. ఆ రెండు నష్టాలనూ ఒకే తూకంలో పెట్టడం బస్తర్ జనానికి అపచారం. నేను పోలుస్తున్నది ఒక్క విషయంలోనే: రెండో భాషను పక్కన చేర్చుకోవడం మొదటిదానికి ద్రోహమన్న భావన అక్కడి సంతలో లేదు, ప్రోగ్రామర్లలో మాత్రం బలంగా ఉంది. పదిహేనేళ్ళు ఒకే భాషలో రాసినవాడు కొత్తదాన్ని ముట్టుకోవడానికి ఎందుకంత జంకుతాడు? చేతగాక కాదనుకుంటాను. ఇన్నాళ్ళ నేర్పు సున్నా అయిపోతుందన్న భయమే అసలు కారణం. ఆ భయం ఎంతవరకు నిజమన్నది పరిశీలించి చూడాలి.

పెర్ల్ భాష కథలో ఇందుకు మంచి సాక్ష్యం దొరుకుతుంది. దాన్ని 1987లో తయారుచేసిన లారీ వాల్ భాషాశాస్త్రం చదువుకున్నవాడు. లిపి లేని ఒక భాష దగ్గరికి వెళ్ళి, దానికి రాత ఏర్పరచాలన్నది ఆయనా ఆయన భార్యా బర్క్‌లీలో చదివే రోజుల్లో పెట్టుకున్న ఆశయం. ఆరోగ్య కారణాల వల్ల అది సాగలేదు. అలాంటి మనిషి చేసిన భాష కాబట్టి పెర్ల్‌కి ఒకే వ్యాకరణ శుద్ధి అంటూ లేదు. సీ భాష నుంచి, షెల్ నుంచి, సెడ్, ఆక్ అనే చిన్న పరికరాల నుంచి పనికొచ్చినదల్లా తీసుకుంది. మరాఠీ, ఒడియా, ఛత్తీస్‌గఢీల పోలికలు కలగలిసిన హల్బీ కూడా ఇచ్చిపుచ్చుకోవడాల మధ్యే పెరిగింది. 1990లలో వెబ్ సైట్ల వెనక పని చాలావరకు పెర్ల్‌దే. మానవ జన్యుపటం గీసిన శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగశాల సమాచారాన్ని ఇంకో ప్రయోగశాలకు అర్థమయ్యేలా మార్చుకోవడానికి దాన్నే వాడారు. తర్వాత ఏమైంది? 2000లో ప్రకటించిన ఆరో వెర్షన్ బయటికి రావడానికి 2015 డిసెంబరు దాకా పట్టింది. వచ్చాక అది వేరే భాషేనని తేలి 2019లో రాకు అని పేరు మార్చుకుంది. ఈలోగా కొత్తగా వచ్చినవాళ్ళు పీహెచ్‌పీకీ రూబీకీ పైథాన్‌కీ వెళ్ళిపోయారు.

అయితే పెర్ల్ నేర్పిన నేర్పు పోయిందా? అక్షరాల గుంపులో కావలసిన నమూనాను వెతికి పట్టుకునే సంకేత పద్ధతిని పెర్ల్ ఎంత పదునుపెట్టిందంటే, జావాస్క్రిప్ట్ దాన్ని తనలో కలుపుకుంది, పైథాన్ అదే ఒరవడిని పట్టుకుంది. 1997లో ఫిలిప్ హేజెల్ ఆ పద్ధతినే ఒక విడి లైబ్రరీగా రాస్తే అది లెక్కలేనన్ని ప్రోగ్రాముల్లోకి చేరింది. పెర్ల్ వదిలి పైథాన్‌కి వెళ్ళినవాడు మొదటి రోజే ఆ సంకేతాలను గుర్తుపడతాడు. ఎదురు సాక్ష్యం కూడా చూద్దాం. డచ్ శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1975లో రాసిన ఒక ప్రసిద్ధమైన పత్రంలో బేసిక్‌తో మొదలుపెట్టిన విద్యార్థి బుర్రకు ఇక మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమన్నాడు, కోబాల్ వాడకం మెదడును అవిటిదాన్ని చేస్తుందన్నాడు. అంత పెద్దవాడి మాట తేలిగ్గా తీసేయలేం. కానీ అదే నిజమైతే కోబాల్‌తో మొదలుపెట్టి జావాలోకీ, అక్కడి నుంచి ఇంకోదాంట్లోకీ వెళ్ళి ఇళ్ళు నిలబెట్టుకున్న ఇంతమంది తెలుగువాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? అదే పత్రంలో ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: గణితం మీద మొగ్గుతో పాటు తన మాతృభాష మీద గొప్ప పట్టు ఉండటమే సమర్థుడైన ప్రోగ్రామర్‌కి అన్నిటికన్నా ముఖ్యమైన ఆస్తి అని. మొదటి మాటను కాలం నిలబెట్టలేదు. రెండో మాట వైపు మాత్రం మన కాలేజీలు ఇప్పటికీ చూడటం లేదు.

ఇక్కడ లోతు గురించిన అభ్యంతరం వస్తుంది, ఇది బలమైనదే. నాలుగు భాషలు పట్టుకున్నవాడికి ఒక్కటీ లోతుగా రాదని, పది పేర్లు రాసిన బయోడేటాలు చూసి చూసి విసిగిపోయినవాళ్ళు అంటారు. ఏడాదికొక కొత్త భాష నేర్చుకోమని 1999లో వచ్చిన ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్ పుస్తకం ఇచ్చిన సలహా చాలామందికి తెలుసు. కేలండరు చూసి నేర్చుకున్న భాష ఎంత కాలం నిలుస్తుందో నాకు అనుమానమే. బస్తర్ సంతలో ఎవరూ అలా నేర్చుకోరు. బహుభాషలు వచ్చినవాడంటే అన్నీ సరిసమానంగా వచ్చినవాడని మనం ఊహించుకోవడంలోనే చిక్కుంది. గోండీలో పెళ్ళిపాటలు పాడే మనిషికి హల్బీలో బేరమాడటం వస్తుంది, హిందీలో అర్జీ చెప్పుకోవడం వస్తుంది, తెలుగులో బస్సు ఛార్జీ, కూలి రేటు మాట్లాడుకోవడం వస్తుంది. ఏ భాషా అసంపూర్తిగా వచ్చిందని ఆ మనిషి కుంగిపోవలసిన పనిలేదు, ఏ భాషతో ఏ పనో ఆ పనికి అది సరిపోతుంది. ప్రోగ్రామర్‌కీ ఇదే సరైన కొలత. ఒక భాషలో ఇల్లు కట్టుకోవాలి. దాని లోపలి నడక, మెమరీని అది వాడే తీరు, అది ఎక్కడ తడబడుతుందో అంతా ఎముకల్లోకి ఇంకాలి. అప్పుడు మిగతా భాషల దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. లోతు లేకుండా వెడల్పు రాదని ఆక్షేపకులు అంటే నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఒక్కచోట లోతు చూసినవాడికి మరోచోట నీళ్ళెంత లోతో అంచనా వేయడం వస్తుందన్నది కూడా వాళ్ళు ఒప్పుకోవాలి.

ఇంతవరకు మాట మనిషి నేర్పు గురించి. భారం ఎవరు మోస్తున్నారన్నది వేరే ప్రశ్న, దాన్ని దాటవేస్తే ఈ వాదం అన్యాయమైపోతుంది. భాషలు వాటంతటవే వాడిపోవు. పెర్ల్‌ని విడిచి వెళ్ళింది జనమే కావచ్చు, ఫాక్స్‌ప్రోనీ విజువల్ బేసిక్ 6నీ ఆపింది మాత్రం వాటి యజమాని. అలాంటి నిర్ణయం జరిగినప్పుడు లాభం ఒకరిది, కొత్తది నేర్చుకునే ఖర్చు ఇంకొకరిది. జీతంలోంచి ఫీజు, నిద్రలోంచి సమయం, నలభై దాటిన వయసులో కుర్రాళ్ళ మధ్య కూర్చుని మొదటి పాఠం. బస్తర్‌లోనూ ఈ అన్యాయం ఉంది, అక్కడ ఇంకా బరువుగా ఉంది. బస్తర్ సంస్థానం 1948లో భారతదేశంలో కలిసింది, కచేరీ భాష ఏదో గోండీ మాట్లాడేవాళ్ళను అడిగి నిర్ణయించలేదు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి అయిన పిల్లవాడు ఆ దూరాన్ని తన చిన్న కాళ్ళతోనే నడవాల్సి వచ్చింది. అందువల్ల బహుభాషా జీవితాన్ని మెచ్చుకుంటూ కూర్చోవడం సరిపోదు. నిర్ణయించినవాళ్ళు ఖర్చులో వాటా పెట్టుకోవాలి. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు పోటెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవాళ్ళు స్వచ్ఛందంగా ముందుకు రావాలని పిలుపునిచ్చారు. కోబాల్ చచ్చిపోయిందని ఏళ్ళ తరబడి విన్న మనుషులకు ఆ పిలుపు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. పాత భాష తెలిసిన మనిషిని ఖర్చుగా చూసిన వ్యవస్థకి, ఆపద వేళ ఆ మనిషే దిక్కయ్యాడు.

మరి మార్పు సరిగ్గా జరిగితే ఎలా ఉంటుంది? దంతెవాడలో, శంఖిని డంకిని నదులు కలిసేచోట ఉన్న దంతేశ్వరి గుడిలో దీనికొక నమూనా ఉంది. ఓరుగల్లు కాకతీయుల నుంచి తమ వంశక్రమం చెప్పుకునే బస్తర్ రాజుల్లో దిక్పాలదేవుడు కుటుంబంతో అమ్మవారి దర్శనానికి వచ్చిన సందర్భాన 1703లో అక్కడ శాసనం వేయించాడు. రాసినవాడు మిథిల నుంచి వచ్చిన పండితుడు భగవాన్ మిశ్రుడు. ప్రశస్తి సంస్కృతంలో ఒక రాతి మీద ఉంది. దాని పక్కన మరో రాతి మీద అదే విషయం జనం భాషలో ఉంది. ఎందుకలా చేశారో ఆ రెండో రాయే చెబుతుంది: కలియుగంలో సంస్కృతం చదవగలిగేవాళ్ళు తగ్గిపోతారు కనుక ఇంకో రాతి మీద భాషలో రాశామని. ఛత్తీస్‌గఢీ రాతకు తొలి నమూనాల్లో ఒకటిగా పండితులు ఈ రాతిని లెక్కిస్తారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ నిర్ణయం వెనకున్న బుద్ధి. సంస్కృతమే తన వృత్తిగా బతికిన పండితుడు, తన భాషకు పాఠకులు తగ్గుతారని ముందే చూశాడు. దాని మీద కోపగించుకోలేదు. మొదటి రాయిని చెరపలేదు, జనం నేర్చుకోకపోతే వాళ్ళ ఖర్మ అనుకోలేదు. రెండూ చదవగలిగిన తాను బతికి ఉండగానే రెండో రాయి చెక్కించాడు.

ఆ "బతికి ఉండగానే" అన్నదాంట్లోనే ఈ కాలపు ప్రోగ్రామర్లకు అసలు పాఠం ఉంది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పీటర్ నౌర్ 1985లో రాసిన వ్యాసంలో ప్రోగ్రామంటే తెర మీది వాక్యాలు కావు, రాసినవాళ్ళ తలల్లో ఉన్న అవగాహనేనని వాదించాడు. ఆ జట్టు చెదిరిపోతే కోడ్ నడుస్తున్నా ప్రోగ్రాం చచ్చినట్టేనని, కేవలం కాగితాలు చూసి దాన్ని తిరిగి బతికించలేమని అన్నాడు. అంటే రెండో రాయి చెక్కితే చాలదన్నమాట. రెండు భాషలూ ఒకే తలలో, ఒకే జట్టులో కొంతకాలం కలిసి ఉండాలి. పైథాన్ 2 నుంచి 3కి జరిగిన మార్పును ఆలస్యమని, గందరగోళమని చాలామంది తిట్టుకున్నారు. మూడో వెర్షన్ 2008లో వస్తే పాతదానికి గడువు 2015 అని పెట్టి, మళ్ళీ 2020కి జరిపారు. ఆ పన్నెండేళ్ళలో రెండు వెర్షన్లలోనూ నడిచేలా కోడ్ రాసుకోవడానికి ప్రత్యేకంగా లైబ్రరీలు వచ్చాయి. ఆ ఆలస్యాన్ని నేను తప్పుబట్టలేను. విజువల్ బేసిక్ వాళ్ళకు దొరకని ఊపిరి పైథాన్ వాళ్ళకు అందులోనే దొరికింది. పాత ప్రోగ్రామును ఒక్క వారాంతంలో మార్చేద్దామనే మేనేజర్లు ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఇప్పుడు యంత్రమే కోడ్ రాస్తోంది కదా, ఇన్ని భాషల గొడవ ఎందుకన్నది తాజా ప్రశ్న. ఏ భాషలో అడిగితే ఆ భాషలో రాసిస్తుంది నిజమే. కానీ యంత్రం నేర్చుకునేది బయట రాశులుగా దొరికే కోడ్ నుంచి. పైథాన్, జావాస్క్రిప్ట్ అక్కడ పుష్కలం. ఏ బ్యాంకులోనో నాలుగు గోడల మధ్య ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న కోడ్, దాని చుట్టూ అల్లుకున్న సొంత ఏర్పాట్లు అందులో లేవు. గోండీకీ ఇదే ఇబ్బంది. 1918లో మంగళ్‌సింగ్ మసారం రూపొందించిన లిపి 2017లో యూనికోడ్‌లోకి వచ్చింది, ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో వచ్చింది. లిపికి చోటు దొరికినంత మాత్రాన యంత్రానికి భాష రాదు. ఎవరో టైపు చేయాలి, ఎవరో మాట్లాడి రికార్డు చేయాలి, తప్పు రాస్తే తప్పని చెప్పగలిగినవాళ్ళు ఉండాలి. కోడ్ విషయంలో కూడా రాయడం తేలికయ్యేకొద్దీ, రాసినది సరైనదో కాదో రెండు వైపుల నుంచీ చదివి చెప్పగలిగినవాడి అవసరం పెరుగుతోంది.

మన బయోడేటాల్లో ప్రోగ్రామింగ్ భాషలు పైన ఉంటాయి. తెలిసిన మనుషుల భాషలు అన్నిటికన్నా కింద, పుట్టినతేదీ పక్కన ఒక వరుసలో ఉంటాయి, ఇంటర్వ్యూ చేసేవాళ్ళ చూపు అంతదాకా రాదు. జగదల్‌పూర్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి హైదరాబాదుకో రాయ్‌పూర్‌కో ఉద్యోగానికి వచ్చే కుంట పిల్ల ఆ కింది వరుసలో దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ, తెలుగు అని రాయవచ్చు. గోండీ కీబోర్డులు, మాటను అక్షరంగా మార్చే పరికరాలు, ఆసుపత్రిలో రోగి చెప్పేది డాక్టరుకి అందించే ప్రోగ్రాములు రాయాల్సిన జట్టుకి ఆమె బయోడేటాలో మొదట చదవాల్సిన వరుస అదే. ఎదుటి మనిషిని బట్టి, పనిని బట్టి భాష మార్చుకోవడం ఆమెకు చిన్నప్పుడే వచ్చింది. జావా నేర్పడానికి ఆరు నెలలు చాలు, అది అమీర్‌పేటలో ఎప్పుడో రుజువైంది.